కుండీలో పోసిన దాహం

ఈ మధ్య మా వైపు సభల్లో పూలదండలు వెయ్యడం మానేశారు. చిక్కబళ్ళాపురంలో పొద్దున లేస్తే చేమంతి మూటలను తప్పించుకుంటూ నడవాలి. అన్ని పూలున్న ఊళ్ళో సన్మానానికి పూలే దొరకనట్టు, చేతిలో ఒక కుండీ పెట్టి ఫోటో తీస్తారు. పర్యావరణమట. నేను చదువు చెప్పే ప్రాథమిక పాఠశాల వార్షికోత్సవంలో నాకూ అలా ఒకటి తగిలింది. తెల్లటి కుండీలో జానెడు మొక్క. జానెడే గానీ దానికి బొద్దుగా ఒక మాను, మానుకు కొమ్మలు, కొమ్మలకు జంటలు జంటలుగా దళసరి ఆకులు. పెద్ద చెట్టును ఎవరో కుదించి పెట్టినట్టుంది. పేరు జేడ్ అనీ, ఇంట్లో ఉంటే కలిసొస్తుందనీ చెప్పి ఇచ్చారు. కలిసొచ్చేవి నా దాకా రావని నాకు తెలుసు కాబట్టి, ఇంటికి తెచ్చి మిద్దె మీది వరండా పిట్టగోడ మీద పెట్టి మరిచిపోయాను.

మరిచిపోవడమే దానికి కావలసిందని తర్వాత తెలిసింది. సెలవులు అయిపోయే రోజుల్లో బట్టలు ఆరేస్తూ చూస్తే, నేను చుక్క నీరు పొయ్యకపోయినా అది చిగురు వేసి, ఆకుల అంచులకు ఎరుపు పులుముకుని కూర్చుంది. నాకు సిగ్గూ వేసింది, ముచ్చటా వేసింది. నాకు మొక్కల పిచ్చి లేదు, ఇంట్లో మనుషులను చూసుకోవడానికే ఒళ్ళు చాలదు. అయినా దీని సంగతి కనుక్కోవాలనిపించి నర్సరీలో అడిగాను, ఫోనులో చూశాను. మట్టి సగం, గరుకు ఇసుక సగం కలపాలి. కుండీ అడుగున పెంకుముక్కలు వెయ్యాలి. ఆకు ముడతలు పడితే తప్ప నీళ్ళు పొయ్యకూడదు, పోస్తే వేరు కుళ్ళుతుంది. రాలిన ఆకును మట్టి మీద పడేస్తే చాలు, దాని మొదట్లో దారం లాంటి వేరు పుట్టి ఇంకో మొక్క అవుతుంది. అన్నీ చేశాను. నేను వరండాలో చతికిలబడి ఇసుక జల్లిస్తుంటే మా ఆయన చూసి, నాకెప్పుడైనా ఇంత శ్రద్ధగా అన్నం కలిపి పెట్టావా అన్నాడు. నువ్వు కూడా నెలకోసారి మాత్రమే అడుగు, పెడతాను అన్నాను.

ఆ తర్వాత నాయన మా ఇంటికి వచ్చాడు.

మాది బాగేపల్లి తాలూకా, చాకవేలు పక్కన చిన్న పల్లె. నాయన వేరుశనగ వేసి, రాగి వేసి, చివరికి బోరు దింపి టమాటా పెట్టిన మనిషి. ఆయన వేయించిన బోర్లలో నీళ్ళు పడినవాటి కంటే దుమ్ము లేచినవే ఎక్కువ. అందుకే నీళ్ళంటే ఆయనకు దేవుడి ముందు కూడా లేని భయభక్తులు. ఎక్కడైనా కొళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తే నిద్రపోడు. అలాంటి మనిషికి మూత్రపిండాలు పాడయ్యాయి. ఆ బోరు నీళ్ళే చేశాయని కొందరన్నారు, మోకాళ్ళ నొప్పులకు మింగిన మాత్రలు చేశాయని కొందరన్నారు. ఏది చేస్తేనేం, ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి మూసుకుపోయింది. వారానికి రెండుసార్లు డయాలిసిస్ చెయ్యాలన్నారు. అది చిక్కబళ్ళాపురంలో ఉంది, నేనూ చిక్కబళ్ళాపురంలోనే ఉన్నాను. పొలం తమ్ముడికి, నాయన నాకు అని ఎవరూ నోరు విప్పకుండానే పంపకం జరిగిపోయింది.

డాక్టరు బల్ల మీద ఉన్న నీళ్ళ సీసా ఎత్తి చూపించి, రోజు మొత్తానికి ఇంతే అన్నాడు. కాఫీ, చారు, మజ్జిగ కూడా దీని లెక్కలోకే వస్తాయన్నాడు. అంతకు మించి తాగితే ఆ నీరు పోవడానికి దారి లేక ఊపిరితిత్తుల్లో చేరుతుందట. నాయన తలూపాడు. బయటికి వచ్చాక ఆటోలో కూర్చుని, "ఆయప్ప చెప్పింది గంటకా, దినానికా?" అని నన్ను అడిగాడు.

మా ప్రాంతంలో గడప తొక్కిన మనిషికి ముందు చెంబుడు నీళ్ళు, ఒక బెల్లం ముక్క ఇస్తాం. ఎవరు, ఏ ఊరు, ఏం పని అని అడగడం ఆ తర్వాతే. అప్పులవాడు వచ్చినా ఇచ్చి తీరాలి. అలాంటి ఇంట్లో పుట్టిన నాకు కన్నతండ్రికి నీళ్ళు కొలిచి పోసే పని పడింది. ఆయన చెంబును అటక మీదికి చేర్చాను. పిల్లలు పాలు తాగే చిన్న స్టీలు గ్లాసు తీసి పెట్టాను. ఆయన జీవితంలో గ్లాసుకు నోరు ఆనించి తాగి ఎరగడు. తల వెనక్కి వంచి, చెంబును ఎత్తి, ధారగా గొంతులోకి వదలడమే అలవాటు. ఆ గ్లాసును కూడా అలాగే ఎత్తేవాడు, ధార కట్టేలోగా నీళ్ళు అయిపోయేవి. అప్పుడు గ్లాసు లోపలికి ఒకసారి చూసి కింద పెట్టేవాడు. ఆ చూపు నాకు గుండెలో ముల్లు గుచ్చినట్టుండేది. దాన్ని దాచుకోవడానికి విసుక్కునేదాన్ని. నా కోపమంతా అలాంటిదే, ఏడుపు వచ్చే చోటల్లా అరుస్తాను.

తమ్ముడు చింతామణి మార్కెట్టులో టమాటా దించి, వచ్చేదారిలో నాయనను చూడడానికి వచ్చేవాడు. రోగిని చూడడానికి వట్టి చేతులతో రాకూడదు కదా, లేత టెంకాయలు తెచ్చేవాడు. డయాలిసిస్ వాళ్ళకు టెంకాయ నీళ్ళంత చెరుపు ఇంకోటి లేదు. మొదటిసారి చెప్పాను, రెండోసారి చెప్పాను, మూడోసారి కూడా గెల పట్టుకుని మెట్లెక్కాడు.

"అక్కా, నాయన పెదాలు చూసినావా, ఎట్ల పగిలిండాయో? ఒక టెంకాయ తాగితే ఏమైతాది?"

"గుండె నిలబడిపోతాదంట రా. ఎన్నితూర్లు చెప్పేది నీకు?"

"డాక్టర్లు చెప్పినట్లంతా వింటే బతికినట్లే. నీళ్ళు కూడా ఇయ్యకుంటే ఎట్ల? మా ఊర్లో ఎద్దుకైనా తాపుతాం."

"అయితే ఊరికి పిల్చకపో. నువ్వే తాపు. ఊపిరి ఆడకుండా ఆయన లేచి కూచున్నప్పుడు నువ్వే పట్టుకో."

నాయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు, నిద్రపోవడం లేదని ఇద్దరికీ తెలుసు. తమ్ముడు గెల తీసుకుపోయి కింది వాటా వాళ్ళకు ఇచ్చి వెళ్ళిపోయాడు. వాళ్ళు ఎంతో సంతోషపడి, మీ తమ్ముడు ఎంత మంచివాడమ్మా అన్నారు.

డయాలిసిస్‌కు ముందు త్రాసు ఎక్కిస్తారు. పోయినసారి కంటే ఎంత బరువు పెరిగితే అంత నీరు చేరినట్టు. అక్కడి సిస్టర్ నవ్వుతూనే, "ఏం తాతా, బోరుబావి మింగేసి వచ్చినావా?" అనేది. నాయన తప్పు చేసిన బడిపిల్లవాడిలా నా ముఖం చూసేవాడు. నేను కొలిచి ఇచ్చే నీళ్ళకు అంత బరువు పెరగదు. స్నానాల గదిలో బకెట్టు నీళ్ళు తాగుతున్నాడని మీసాల తడి చూసి కనిపెట్టాను. ఆ రోజు నోటికి వచ్చినట్టల్లా తిట్టాను. చచ్చిపోవాలనుందా, నన్ను చంపాలనుందా అన్నాను. ఆయన అంతా విని, "నోరు ఎండిపోతాది తల్లీ. మంచిదో చెడ్డదో అప్పుడు తెలీదు" అన్నాడు.

పొద్దు పోక ఆయన వరండాలో కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. అక్కడే జేడ్‌ను చూశాడు. మొదట దాన్ని ఖాతరు చెయ్యలేదు. "ఇదేం చెట్టమ్మా? పూవా, కాయా? మేక కూడా మూతి పెట్టదు" అన్నాడు. రెండు మూడు రోజులు పోయాక ఆకును వేళ్ళ మధ్య పట్టుకుని నొక్కి చూశాడు. తర్వాత పంచె పైకి జరిపి, వాచిపోయిన తన కాలిని బొటనవేలితో నొక్కాడు. అక్కడ గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఇదీ నా మాదిరే ఉండాదే. లోపలంతా నీళ్ళే" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కానీ ఆయన నవ్వి చాలా రోజులైందని, ఆ మొక్క మీద నాకు ప్రేమ పెరిగింది. అప్పటి నుంచి దాన్ని ఆయనకే వదిలేశాను. తడిగుడ్డతో ఆకులు తుడిచేవాడు. కొమ్మల సందుల్లో తెల్లగా పిండిపురుగు పట్టితే అగ్గిపుల్లతో ఒక్కొక్కటే తీసేవాడు. అన్ని వైపులా ఎండ తగలాలని కుండీని తిప్పి పెట్టేవాడు. నీళ్ళు మాత్రం పొయ్యొద్దు నాయనా, అది నీళ్ళకే చస్తుంది అని ఒకసారి చెప్పాను. "నీళ్ళు వద్దనే చెట్టు యాడన్నా ఉండాదా?" అని ఆయన నన్ను జాలిగా చూశాడు. టీచరమ్మకు చెట్ల సంగతి ఏం తెలుసు అన్నట్టుంది ఆ చూపు. సరేలే అనుకున్నాను.

ఎండలు ముదిరాయి. ఆ ఎండల్లోనే ఒక వింత జరిగింది. త్రాసు మీద నాయన బరువు పెరగడం తగ్గింది. వరసగా ఒకటి, రెండు, మూడు సార్లు. సిస్టర్ మెచ్చుకుంది. డాక్టరు, అమ్మా ఇలాగే చూసుకోండి అన్నాడు. నేను ఇంటికి వచ్చి తమ్ముడికి ఫోను చేసి, చూసినావా అని గొప్పలు పోయాను. అరిచి అరిచి దారిలో పెట్టాననే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే జేడ్ పాడవడం మొదలైంది. ఎండకు ఆకు ముడత పడాలి గానీ, ఇది ఉబ్బి, పసుపు తిరిగి, వెలుతురు అవతలి నుంచి కనిపించేంత పల్చబడింది. వేలు తగిలితే రాలిపోయేది. మా ఆయనే నీళ్ళు పోస్తున్నాడనుకుని ఆయన మీద లేచాను. ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. కింది వాటా వాళ్ళ మీద అనుమానపడ్డాను. నాయనను అడగాలని నాకు తోచలేదు, నీటి చుక్క వృథా అయితే విలవిల్లాడే మనిషి కదా.

ఒక శనివారం బడి ఒంటిపూటే కావడంతో ఎండలో ఇంటికి వచ్చాను. చెప్పులు మెట్ల దగ్గరే వదిలి పైకి వచ్చేసరికి వరండా తలుపు వారగా వేసి ఉంది. సందులో నుంచి నాయన కనిపించాడు. అటక మీద ఉండాల్సిన చెంబు ఆయన చేతిలో ఉంది. నిండా నీళ్ళు. అరవబోయి ఆగాను. ఆయన తల వెనక్కి వంచి, చెంబును ఎత్తి, నోరు తెరిచాడు. చెంబు కొంచెం వంగింది. అంతలో చేతిని అలాగే పక్కకు తెచ్చి, ఆ ధారను జేడ్ కుండీలోకి వదిలాడు. తొందర లేకుండా, చివరి చుక్క దాకా. ధార పడుతున్నంతసేపూ ఆయన గొంతు కదులుతోంది. గుటకలు వేస్తున్నాడు. నోట్లో ఏమీ లేదు, అయినా గుటకలు వేస్తున్నాడు. చెంబు ఖాళీ కాగానే, నీళ్ళు తాగిన మనిషి వదిలినట్టే హాయిగా ఊపిరి వదిలి పంచె కొసతో మూతి తుడుచుకున్నాడు.

నేను మళ్ళీ మెట్లు దిగి కింద కూర్చున్నాను. నా అరుపులకు ఆయన మారలేదు, దాహం వేసినప్పుడల్లా తన నీళ్ళు ఆ మొక్కకు తాపుతున్నాడు. కుండీ ఎంత తడిగా ఉంటే ఆయన అంతగా ఓర్చుకున్నట్టు. ఇప్పుడు పైకి పోయి, నాయనా ఆ నీళ్ళకు అది చచ్చిపోతోంది అని చెబితే మానేస్తాడు. మానేసి ఎక్కడ పోస్తాడు? నోట్లో పోసుకుంటాడు. చెప్పకపోతే మొక్క పోతుంది, చెబితే ఆయన పోతాడు. ఇందులో ఆలోచించడానికి ఏముంది అనిపించవచ్చు. అయినా నేను ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను, మొక్క కోసం కూడా ఏడ్చాను. తర్వాత చెప్పులు వేసుకుని, చప్పుడు చేసుకుంటూ పైకెక్కాను.

మరుసటి రోజు ఒక మందార కుండీ తెచ్చి పక్కన పెట్టాను. దీనికి నీళ్ళు కావాలి నాయనా, నీ ఇష్టం వచ్చినంత పొయ్యి అన్నాను. ఆయన చూశాడు, ఒక రోజు పోశాడు, మళ్ళీ జేడ్ దగ్గరికే పోయాడు. ఎందుకని అడిగితే, "అది తలకాయ వాల్చి అడుగుతాది, ఎవురో ఒకరు పోస్తారు. ఇది పాపం నోరు తెరిసి అడగదు" అన్నాడు.

ఇక ఆ ఎండాకాలమంతా నాకు కొత్త ఉద్యోగం దొరికింది. డయాలిసిస్ అయిన రోజు నాయన ఒళ్ళెరగకుండా నిద్రపోయేవాడు. అప్పుడు నేను మొక్కను కుండీలో నుంచి ఊడదీసి, నల్లబడిన వేర్లను కత్తెరతో తీసేసి, పాత దినపత్రికల మీద ఫ్యాను కింద ఆరబెట్టేదాన్ని. బురదైన మట్టి పారేసి ఎండు ఇసుక నింపేదాన్ని. కుండీ అడుగున కాల్చిన చువ్వతో ఇంకో రంధ్రం పొడిచాను. చివరికి అందులో మట్టి అన్నదే లేదు, అంతా ఇటుక ముక్కలూ ఇసుకే. ఆసుపత్రిలో వాళ్ళు ఆయన ఒంట్లో నీళ్ళు తీసేవాళ్ళు, ఇంట్లో నేను దీని కుండీలో నీళ్ళు తీసేదాన్ని. ఇద్దరూ ఒకటి రెండు రోజులు తేరుకున్నట్టు కనిపించేవాళ్ళు. రాలిన ఆకుల్లో పాడుకానివి ఏరి వంటింటి కిటికీలో దాచాను. వాటిలో ఒకటి వేరు పట్టింది.

వానలు మొదలయ్యాక నా పనితనం పని చెయ్యలేదు. ఎండ లేదు, ఫ్యాను గాలికి ఏదీ ఆరడం లేదు. ఒక ఆదివారం పొద్దున నేను కాఫీ గ్లాసుతో వరండాలోకి వచ్చేసరికి జేడ్ మొదలు మెత్తబడి పక్కకు ఒరిగిపోయి ఉంది. నాయన దాన్ని పెళ్ళగించి, తలకిందులుగా పట్టుకుని వేరు వాసన చూస్తున్నాడు.

"వేరు కుళ్ళిండాది" అన్నాడు. టమాటా తోటలో అనే గొంతే అది. "రోగం కాదమ్మా. నీళ్ళెక్కువై కుళ్ళిండాది."

"ఊఁ."

"నేను దినామూ పోస్తాండేది నీకు తెలుసునా?"

"తెలుసు నాయనా."

"తెలిసీ ఏల ఊరికే ఉంటివి? ఒక మాట చెప్పకూడదా?"

అబద్ధం ఏదీ అందలేదు. "దానికి పొయ్యకుంటే నువ్వు తాగుతావని" అనేశాను.

ఆయన కుర్చీలో కూర్చున్నాడు. చేతిలో మొక్క అలాగే ఉంది, వేళ్ళ సందుల్లో నుంచి నల్లటి నీరు మోకాలి మీద కారుతోంది. "అట్లనా" అన్నాడు. మొక్కను ఒళ్ళో పెట్టుకుని, "నా పాలి నీళ్ళు తాగి ఇది పాయనా" అన్నాడు. నేను కాఫీ అక్కడ పెట్టాను. ఆ రోజు ఆయన కాఫీ తాగలేదు.

కిటికీలో పెరిగిన ఆకు మొక్కను చిన్న గిన్నెలో పెట్టి తెచ్చి చూపించాను. దాని పిల్లే నాయనా, బతికింది అన్నాను. ఆయన దాన్ని తాకలేదు. "నా కండ్ల ముందర పెట్టొద్దు తల్లీ. తెలీకుండా పోసింది వేరే. తెలిసి ఎట్ల పోసేది?" అన్నాడు. మందారకు కూడా పొయ్యలేదు. బుద్ధి ఎరిగినప్పటి నుంచి పైర్లకు నీళ్ళు కట్టిన చేతులు, ఇక ఏ కుండీ వైపూ పోలేదు.

నేను భయపడిందే జరిగింది. దాహం ఎక్కడికీ పోలేదు, దాన్ని పోసేందుకు చోటు మాత్రం పోయింది. త్రాసు మీద బరువు మళ్ళీ పెరిగింది. సిస్టర్ ఇప్పుడు తమాషా చెయ్యడం మానేసి నన్ను కోప్పడుతోంది. ఎక్కువ నీరు ఒక్కసారిగా తీస్తే నాయనకు కాళ్ళ పిక్కలు పట్టేస్తాయి. పళ్ళు కొరుక్కుని అమ్మా అమ్మా అంటాడు. ఆయన అమ్మ ఎప్పుడో పోయింది కాబట్టి ఆ పిలుపుకు నేనే పలుకుతాను. పిక్కలు నొక్కుతూ కూర్చుంటాను. అంతకు మించి నా చేతిలో ఏముంది?

డాక్టరు ఒక ఉపాయం చెప్పాడు. దాహం వేసినప్పుడు నోటి నిండా నీళ్ళు పోసుకుని, కాసేపు ఉంచుకుని, ఊసెయ్యమన్నాడు. మింగకూడదు, అంతే. అటక మీది చెంబును నేనే దించి ఇచ్చాను. నాయన ధారగా నోట్లో వదులుకుని, బుగ్గలు ఉబ్బించి, కళ్ళు మూసుకుని ఉండి, నేను పట్టుకున్న బేసిన్‌లోకి ఊసేసేవాడు. బుద్ధిగానే చేశాడు. ఊసిన ప్రతిసారీ బేసిన్‌లోని నీళ్ళ వైపు చూసేవాడు.

నిన్న మధ్యాహ్నం అలాగే చెంబు ఎత్తాడు. నోరు నిండింది. ఈసారి కళ్ళు మూసుకోలేదు, నన్నే చూస్తూ ఉండిపోయాడు. బతిమాలే చూపు కాదు, మోసం చేసే చూపూ కాదు. నేను ఏం చేస్తానో చూద్దామన్నట్టు కూడా లేదు. నోట్లో నీళ్ళున్న మనిషి చూపు, అంతే. రేపు డయాలిసిస్ ఉంది. ఆ గుక్క లోపలికి పోతే రేపు పిక్కలు పట్టేసేది ఆయనకే, నొక్కాల్సింది నేనే. బేసిన్‌ను గడ్డం కిందికి జరిపి, ఊసెయ్ నాయనా అంటే చాలు. నోటి దాకా వచ్చింది ఆ మాట. నేను తల తిప్పి వీధి వైపు చూశాను. కింద పూలబండి పోతోంది. చేమంతులు ఎంతమ్మా అని గట్టిగా అడిగాను. ఆమె ఏదో చెప్పింది, నాకు వినబడలేదు.

ఇటు తిరిగేసరికి నాయన పంచె కొసతో మూతి తుడుచుకుంటున్నాడు.

"ఊసేసినానమ్మా" అన్నాడు.

"చూసినా నాయనా" అన్నాను. లేచి, పొడిగా ఉన్న బేసిన్‌ను రెండు చేతులతో పట్టుకుని పోయి నీళ్ళు పోయే మోరీలో కుమ్మరించి వచ్చాను.